మబ్బును చూసి ముంత ఒలకబోసుకోవద్దు



కళాశాల సంచికకు వ్యాసం రాయమంటే యువత కర్తవ్యం మీదో, దేశభవిష్యత్తు మీదో రాయడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక సాఫ్టువేరు గురించి రాయబోతున్నాను. లాబొరేటరీ రికార్డు పొరపాటున సంచికలో పడిందనుకొని పేజీ తిప్పేయవద్దని మనవి. ఎందుకంటే ఈ సాఫ్టువేరు కారణంగా కిందటేడు మా దాళ్వా ధాన్యం డబ్బు మా నాన్న చేతికి 41 రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ 41 రోజుల్లో నా పరీక్ష ఫీజు, హాస్టలు మెస్సు బిల్లు, తమ్ముడి పుస్తకాల డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టారు. కాబట్టి ఈ విషయం మీద రెండు మాటలు మాట్లాడే హక్కు నాకున్నదనే అనుకుంటున్నాను.

జరిగిన సంగతి చెబుతాను. మాది గోదావరి డెల్టాలో ఒక పల్లె. సొంతం ఎకరం, కౌలు నాలుగెకరాలు. మేము ధాన్యం తోలే మిల్లు పేరు ఇక్కడ అనవసరం. ఆ యజమానికి రెండు రైసు మిల్లులు, ఒక తవుడు నూనె ఫ్యాక్టరీ, మూడు గోదాములు ఉన్నాయి. ఏడాదికి వంద కోట్లు దాటిన వ్యాపారం. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన లెక్క ప్రకారం చిన్న పరిశ్రమ హద్దు దాటి, యంత్రాల మీద పెట్టుబడి 125 కోట్లు, టర్నోవరు 500 కోట్లు మించకుండా ఉన్నది మధ్యతరహా సంస్థ. అంటే మా ఊరి కళ్లకు అది మహా సామ్రాజ్యమే గాని, కాగితం మీద మధ్యతరహా.

2025 ఏప్రిల్‌లో ఆ మిల్లువారు పాత పుస్తకాలూ, పాత కంప్యూటరు ఖాతాలూ పక్కనబెట్టి 'క్లౌడ్ ఇ.ఆర్.పి.' అనే దానికి మారారు. ఏప్రిల్ అంటే మాకు దాళ్వా కోతలు. మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరే రోజులు. ఇక చూడండి.

మా ఊళ్లో మా నాన్న పేరూ, ఇంటిపేరూ ఉన్నవారు మొత్తం ముగ్గురు. మిల్లు గుమాస్తా గారు ముప్పై ఏళ్లుగా తన పుస్తకంలో వాళ్లను 'కాలవగట్టు', 'గుడివీధి', 'కొబ్బరితోట' అని గుర్తు పెట్టుకొని రాసుకొనేవారు. మా ఇల్లు కాలవగట్టున ఉంటుంది. పాత లెక్కలను కొత్త దాంట్లోకి ఎక్కించిన కుర్రవాళ్లు ఒకే పేరు మూడుసార్లు కనబడేసరికి అచ్చు తప్పు అనుకొని ముగ్గురినీ కలిపి ఒకరిని చేసేశారు. మేము తోలిన 112 బస్తాలు కొబ్బరితోట వారి ఖాతాలో పడ్డాయి. ఆయన పెద్దమనిషి కనుక "ఇవి నావి కావు బాబూ" అన్నారు. కంప్యూటరు మాత్రం ఆయనవేనన్నది. "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోందండీ" అన్న మాట మా నాన్న ఆ నెలన్నరలో ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు.

మే నెల సెలవుల్లో నేనూ నాన్నతో మిల్లుకు వెళ్లాను. యజమాని మంచిచెడ్డలు తెలిసిన మనిషే. "కంప్యూటర్లు చదువుతున్నావటగదమ్మా, సెలవులు అయ్యేదాకా వచ్చి ఈ పేర్ల గోల తేల్చిపెట్టు" అన్నారు. ఆరు వారాలు పని చేశాను. మా క్లాసు పుస్తకాల్లో లేని చదువు ఆ ఆరు వారాల్లో వచ్చింది. ఆ చదువే ఈ వ్యాసం.

అసలు ఇదేమిటి?

మిల్లులో ధాన్యం కొనే పుస్తకం ఒకటి, గోదాము పుస్తకం ఒకటి, కూలీల పుస్తకం ఒకటి, బియ్యం అమ్మకాల పుస్తకం ఒకటి, పన్నుల ఫైలు ఒకటి. ఒకదానిలో రాసింది ఇంకొకదానికి తెలియదు. ఇవన్నీ ఒకే చిట్టా ఆవర్జాగా కలిపి, లారీ కాటా ఎక్కిన క్షణం నుంచి బియ్యం డబ్బు బ్యాంకులో పడేదాకా ఒకే లెక్కగా నడిపించేది ఇ.ఆర్.పి. 1960ల్లో అమెరికా కర్మాగారాలు ఏ ముడిసరుకు ఎప్పుడు ఎంత కావాలో కంప్యూటరు చేత లెక్క కట్టించడం మొదలుపెట్టాయి. 1972లో ఐ.బి.ఎం. నుంచి బయటకు వచ్చిన అయిదుగురు జర్మనీలో ఎస్.ఏ.పి. సంస్థను పెట్టారు. 1990లో గార్ట్‌నర్ అనే పరిశీలన సంస్థ ఈ జాతి సాఫ్టువేరుకు ఇ.ఆర్.పి. అని నామకరణం చేసింది. అప్పట్లో ఎవరి సర్వరు వారి ఇంట్లోనే ఉండేది. 1998లో మొదలైన నెట్‌సూట్ లాంటివి ఇంటర్నెట్ ద్వారా అద్దెకు ఇవ్వడం ప్రారంభించాయి. 2016లో ఒరాకిల్ దాన్ని సుమారు 930 కోట్ల డాలర్లకు కొనుక్కున్నది. అద్దె వ్యాపారం ఎంత గట్టిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

క్లౌడ్ అంటే మబ్బు. ఈ మబ్బు ఆకాశంలో ఉండదు, నేల మీదే ఉంటుంది. మన హైదరాబాదులోనే 2022 నవంబరులో అమెజాన్ వారు తమ క్లౌడ్ కేంద్రాన్ని తెరిచారు. మన లెక్కలు మన గదిలో గాక వాళ్ల భవనంలో, వాళ్ల యంత్రాల మీద ఉంటాయి. మనం నెలకో ఏడాదికో ఇంత అని చెల్లిస్తాం.

ఇదంతా ఒక రాత్రి నాన్నకు వివరించాను. ఆయన బీడీ ఆర్పి, "అంటే కౌలన్నమాట" అన్నారు.

అవును, కౌలే. నేను నాలుగు పుస్తకాలు తిరగేసినా అంత తేటగా చెప్పలేకపోయాను. కౌలు రైతు చేను తీసుకొనేముందు నాలుగు సంగతులు అడుగుతాడు. కౌలు ఎంత, ఎలా పెరుగుతుంది? ఆ నేల మనం వేసే పంటకు సరిపడుతుందా? గట్టు తెగితే ఎవరు వేయాలి, ఎప్పుడు వేయాలి? చేను వదిలిపెట్టే రోజున నిలబడి ఉన్న పంట ఎవరిది? సాఫ్టువేరు అమ్మవచ్చేవారు వందల సుగుణాల పట్టిక చూపిస్తారు. ఆ పట్టికలు పక్కపక్కన పెట్టి పోల్చడం కన్నా ఈ నాలుగు ప్రశ్నలు అడగడం మేలని నా అభిప్రాయం.

మొదటి ప్రశ్న: కౌలు ఎంత?

మైక్రోసాఫ్ట్ వారి బిజినెస్ సెంట్రల్‌కు మనిషికి నెలకు ఇంత అని లెక్క. ఓడూ అనేది బెల్జియంలో పుట్టింది. దానిలో రెండు రకాలున్నాయి. ఉచితంగా దొరికే కమ్యూనిటీ రకంలో పూర్తి ఖాతాల విభాగం రాదు. డబ్బిచ్చే రకంలో మనిషి లెక్కన కౌలు. నెట్‌సూట్ వారు ధర బయట పెట్టరు. మన వ్యాపారం చూసి, మూల రుసుము మీద మనుషుల రుసుము కలిపి చెబుతారు. ముంబయిలో తయారయిన ఇ.ఆర్.పి.నెక్స్ట్ పూర్తిగా ఓపెన్ సోర్స్. సాఫ్టువేరుకు పైసా లేదు, ఎంతమంది వాడినా ఒకటే. సర్వరు అద్దె, అమర్చిపెట్టే మనిషి కూలి మాత్రం ఇచ్చుకోవాలి. ఉచితమంటే విత్తనం ఉచితం, దుక్కీ నాట్లూ కాదు.

మనిషి లెక్కన కౌలు కట్టేచోట ఒక చిక్కున్నది. మిల్లులో కాటా దగ్గర ఇద్దరు, గోదాముల్లో ముగ్గురు, ఆఫీసులో అయిదుగురు. పదిమందికి పది పేర్లు కొనాలంటే యజమానికి ప్రాణం ఒప్పదు. మూడు కొంటారు. ఒకే పాస్‌వర్డు గోడ మీద రాసిపెట్టి అందరూ వాడతారు. నేను కళ్లారా చూశాను. 2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కంపెనీలు వాడే ఖాతాల సాఫ్టువేరులో ప్రతి దిద్దుబాటుకూ జాడ నమోదు కావాలనీ, దాన్ని ఆపివేయడానికి వీలుండకూడదనీ నియమం వచ్చింది. జాడ ఉన్నది నిజమే. కాని నాన్న బస్తాలు మార్చినది ఎవరని చూస్తే 'యూజర్ 2' అని ఉంది. ఆ యూజర్ 2 ఎవరో ఆ భగవంతుడికే తెలియాలి. పొదుపు చేసిన ఏడు పేర్ల కౌలు చివరికి మా వడ్డీలో తేలింది.

రెండో ప్రశ్న: నేల పంటకు సరిపడుతుందా?

ఈ సాఫ్టువేర్లలో చాలావాటి మూలరూపం వస్తువులు బిగించే కర్మాగారం. రెండు చక్రాలు, ఒక ఫ్రేము, ఒక సీటు కలిస్తే ఒక సైకిలు. అనేక వస్తువులు లోపలికి, ఒక వస్తువు బయటికి. రైసు మిల్లు దీనికి తలకిందులు. ఒక్క ధాన్యమే లోపలికి వెళుతుంది. బియ్యం, నూక, తవుడు, ఊక బయటికి వస్తాయి. ప్రభుత్వానికి మర ఆడించి ఇచ్చే పచ్చి బియ్యానికి లెక్క క్వింటాలుకు 67 కిలోలు. మిగతా 33 కిలోలు చెత్త కాదు. తవుడు నూనె ఫ్యాక్టరీకి పోతుంది, ఊక బాయిలరుకు పోతుంది, నూకకు వేరే ధర. ధాన్యం కొన్న ఖర్చును ఈ నాలుగింటి మధ్య ఎలా పంచాలన్నదే మిల్లు లాభనష్టాలకు ఆయువుపట్టు.

కనుక అమ్మవచ్చినవాణ్ణి అడగవలసిన మొదటి మాట: "ఒక వస్తువు పగలగొడితే నాలుగు వచ్చే లెక్క మీ దాంట్లో ఉందా?" ఓడూలో ఉపఉత్పత్తులు చూపించే వీలున్నది. మైక్రోసాఫ్ట్ వారి పెద్దదైన సప్లై చెయిన్ మేనేజ్‌మెంట్‌లో ఫార్ములా పద్ధతి ఉన్నది. మధ్యతరహావారికి అమ్మే బిజినెస్ సెంట్రల్‌లో అయితే మామూలుగా ఇతరులు రాసిన పొడిగింపు కొనుక్కుంటారు. 1986లో బెంగళూరులో మొదలైన టాలీ మన గుమాస్తాలందరికీ చేతివాటం. ఖాతాలకు దానికి వంక పెట్టలేం. కాని మిల్లంతా దాని మీద నడపాలంటే అదనపు ప్రోగ్రాములు రాయించుకోవలసిందే.

ఇంకొకటి. 2022 జూలై 18 నుంచి లేబులు వేసి ముందే ప్యాకు చేసిన బియ్యం 25 కిలోల సంచి వరకు 5 శాతం జి.ఎస్.టి. 26 కిలోల సంచికి ఆ పన్ను లేదు. మన బజార్లలో 26 కిలోల బియ్యం సంచులు ఎందుకు కనబడుతున్నాయో ఇప్పుడు తెలిసింది గదా! అదే బియ్యం, అదే మర, ఒక కిలో తేడాతో వేరే పన్ను. ఇది అమెరికావాడి మూసలో ఉండదు. ఎవరో ఒకరు కూర్చొని నేర్పాలి.

ఇక్కడొక అపోహ తొలగించాలి. రైతుకు అంకెలూ కోడ్లూ అర్థంకావనీ, అందుకే గొడవలొస్తాయనీ కొందరంటారు. శుద్ధ తప్పు. 1982లో మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణను మా వాళ్లు 7029 అనే పిలుస్తారు. 1010, 1121 అంటే మా అమ్మమ్మ కూడా ఏ రకమో, ఎన్ని రోజుల పంటో చెబుతుంది. అంకె వెనుక ఉన్న వస్తువు కళ్లముందు ఉంటే మాకు కోడ్లతో పేచీ లేదు. మమ్మల్ని అడగకుండా మాకు అంకె వేసినప్పుడే పేచీ.

మూడో ప్రశ్న: గట్టు ఎవరు వేస్తారు, ఎప్పుడు?

సొంత సర్వరయితే పాడైనప్పుడు మనమే బాగుచేయించుకోవాలి. క్లౌడ్‌లో ఆ బెడద లేదు. ఇది నిజంగా గొప్ప సౌకర్యం, కాదనను. కాని కొత్త మార్పులు కూడా వాళ్ల కాలెండరు ప్రకారమే వస్తాయి. బిజినెస్ సెంట్రల్‌కు ఏడాదికి రెండు పెద్ద మార్పులు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. ఏప్రిల్ దాళ్వా కోత, అక్టోబరు దాటగానే సార్వా కోత! తేదీని కొంత వెనక్కి జరుపుకోవచ్చు గాని అసలే వద్దనడానికి లేదు. నెట్‌సూట్‌కూ ఏడాదికి రెండుసార్లు మార్పులు. ఓడూకు ఏటా ఒక కొత్త రూపం వస్తుంది. పాతవాటిలో చివరి మూడింటికే వారి అండ.

ఇక తుఫాను సంగతి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో రెండు రోజులు కరెంటు లేదు, ఫోను సిగ్నలూ లేదు. మిల్లులో జనరేటరు ఉంది కనుక కాటా పనిచేసింది. బరువు ఎక్కించుకోవలసిన సాఫ్టువేరు మాత్రం మబ్బులో ఉండిపోయింది. గుమాస్తా గారు పాత బౌండు పుస్తకం దులిపి రాశారు. డెల్టాలో వ్యాపారం చేసేవాడు తెరచాటు లేకుండా అడగాలి: "లైను పోయినప్పుడు కాటా దగ్గర నమోదై, లైను వచ్చాక దానంతటది ఎక్కే ఏర్పాటున్నదా?" లేదంటే ఆ పుస్తకాన్ని అటక మీద పడేయవద్దు.

నాలుగో ప్రశ్న: వదిలేసే రోజున పంట ఎవరిది?

అన్నిటిలోకీ పెద్ద ప్రశ్న ఇదే. ఎవరూ అడగని ప్రశ్న కూడా ఇదే. పెళ్లిచూపుల్లో విడాకుల మాట ఎలా ఎత్తుతామని మొహమాటం.

2025 జూలైలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. గుజరాత్‌లోని వాడినార్ శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీలో రష్యా సంస్థకు వాటా ఉన్నది. ఐరోపా సమాజం ఆంక్షలు విధించగానే ఆ సంస్థకు మైక్రోసాఫ్ట్ ఈమెయిలు వగైరా సేవలు ఆగిపోయాయి. వారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. కొద్దిరోజుల్లో సేవలు తిరిగి వచ్చాయి. అంతటి సంస్థకు హైకోర్టుకు పోయే స్తోమత ఉంది. మధ్యతరహా మిల్లు సంగతేమిటి? ఆంక్షల దాకా పోనక్కరలేదు. కౌలు కట్టడం రెండు నెలలు ఆలస్యమైతే చాలు.

ఓడూ, ఇ.ఆర్.పి.నెక్స్ట్‌లలో మొత్తం డేటాబేసును ఒక్క మూటగా దించుకోవచ్చు. బిజినెస్ సెంట్రల్‌లోనూ నిర్వాహకుడు డేటాబేసు నకలు బయటకు తీసే దారి ఉన్నది. నెట్‌సూట్ నుంచి పట్టికలుగా దించుకోవచ్చు. అయితే పట్టికలు విడివిడిగా వస్తే, చిట్టా ఒకచోట ఆవర్జా ఒకచోట పడ్డట్టే. వాటిని మళ్లీ ముడివేసే మనిషి కావాలి. 2022 ఆగస్టులో సవరించిన నియమాల ప్రకారం కంపెనీ లెక్కల నకలు మన దేశంలోనే ఉన్న సర్వరులో ప్రతిరోజూ దాచాలి. చట్టమే ముంత ఖాళీ చేసుకోవద్దంటున్నది. మనమే వినడం లేదు.

పెద్దవాళ్లు పడిన దెబ్బలు

ఇదంతా పల్లెటూరి భయమని ఎవరైనా అనవచ్చు. అమెరికాలో హెర్షీ అనే చాక్లెట్ల కంపెనీ 48 నెలల పనిని 30 నెలలకు కుదించి, 1999 జూలైలో, హాలోవీన్ పండుగ ఆర్డర్లు మొదలయ్యే వేళ కొత్త వ్యవస్థకు మారింది. గోదాములో సరుకుండి కూడా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయింది. జర్మనీ దుకాణాల సంస్థ లిడ్ల్ ఏడేళ్లు శ్రమపడి, 2018లో ఎస్.ఏ.పి. ప్రయత్నాన్ని విరమించుకున్నది. ఖర్చు 50 కోట్ల యూరోలని పత్రికలు రాశాయి. సరుకు విలువను కొన్న ధరతో చూడాలా, అమ్మే ధరతో చూడాలా అన్న దగ్గరే వారి పద్ధతికీ సాఫ్టువేరు పద్ధతికీ పొసగలేదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 2022 ఏప్రిల్‌లో ఒరాకిల్ క్లౌడ్‌కు మారి, తన లెక్కలు తానే సరిగా చూసుకోలేని స్థితికి వచ్చింది. మొదట సుమారు 2 కోట్ల పౌండ్లు అనుకున్న ఖర్చు 10 కోట్లు దాటింది.

మూడు చోట్లా సాఫ్టువేరు మరొకచోట చక్కగా పనిచేస్తున్నదే. చెడింది అదను, పద్ధతి, తొందర. మా మిల్లు వాడిన సాఫ్టువేరు పేరు నేను రాయకపోవడానికి కారణం కూడా అదే. తప్పు దానిది కాదు. కోతల్లో ఎద్దును మార్చినవారిది.

అలాగని పాత పుస్తకమే స్వర్గం కాదు

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. గుమాస్తా గారికి నాలుగేళ్ల కిందట కామెర్లు వచ్చి పది రోజులు మంచం పట్టారట. ఆ పది రోజులూ ఎవరికి ఎంత ఇవ్వాలో మిల్లులో ఎవరికీ తెలియలేదట. లెక్క ఒక మనిషి తలలో ఉండడం కూడా ప్రమాదమే. పాత పుస్తకంలో ఏ రైతుకు ఎన్ని కిలోలు తరుగు తీశారో రైతు ఎన్నడూ చూడలేదు. కొత్త దాంట్లో తేమ శాతం, తరుగు, ధర అన్నీ వరుసగా ఉంటాయి. అడిగితే అచ్చు తీసి ఇవ్వవచ్చు. సక్రమంగా నడిపితే ఇది రైతు చేతిలో ఆయుధం. నేను ఇ.ఆర్.పి.కి వ్యతిరేకిని కాను.

కాని ఆ యంత్రం ఎవరి పక్షాన నిలబడుతుందో అమర్చేవాడే తేలుస్తాడు. ఒక ఉదాహరణ. మిల్లుకు గోనె సంచులు సరఫరా చేసే రిజిస్టరైన చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోగా డబ్బివ్వాలని 2006 నాటి చట్టం చెబుతున్నది. అందుచేత కొత్త సాఫ్టువేరులో గోనె సంచులవారి బాకీ గడువు దగ్గరపడగానే ఎర్రగా మెరుస్తుంది. పంట పండించే రైతు ఆ చట్టం కిందికి రాడు. అందుచేత రైతు బాకీ ఎన్నాళ్లయినా నల్లగానే ఉంటుంది. సంచికి ఎరుపు, సంచిలోని ధాన్యానికి నలుపు! రైతుకు కూడా ఒక గడువు పెట్టి ఎర్రగా మెరిపించడానికి పట్టే సమయం పది నిమిషాలు. ఎవరూ అడగలేదు గనుక ఎవరూ పెట్టలేదు.

ఇంతకీ ఏది కొనాలి?

గోడమీద పిల్లిలా తప్పించుకోకుండా నా అభిప్రాయం చెబుతాను. విదేశాల్లో శాఖలు, పలు దేశాల కరెన్సీలు ఉన్న ఎగుమతి సంస్థలకు నెట్‌సూట్, ఎస్.ఏ.పి.ల ఖరీదు గిట్టుబాటు కావచ్చు. అర్హత గల అకౌంటెంట్లు, నమ్మకమైన అమరికదారు దగ్గర్లో ఉన్నవారికి బిజినెస్ సెంట్రల్ సరిపోతుంది. మా మిల్లులాంటి వ్యాపారానికయితే ఇ.ఆర్.పి.నెక్స్ట్ గాని, ఓడూ గాని, ఖాతాలకు అలవాటైన టాలీని ఇంకొక ఏడాది పక్కన ఉంచుకొని మొదలుపెట్టడం మంచిదంటాను. కారణం రెండు ముక్కల్లో: పేర్లు గోడమీద రాయనక్కరలేకుండా ఇ.ఆర్.పి.నెక్స్ట్‌లో మనిషికొక పేరు ఇవ్వవచ్చు. వదిలేయవలసి వచ్చిన రోజున ఈ రెంటిలోనూ పంట మన గాదెలోనే ఉంటుంది. అయితే ఓపెన్ సోర్స్‌ను సాకే మనిషి దగ్గరలో లేకపోతే అది బీడు భూమే. ఈ షరతు మరువరాదు.

ఏది కొన్నా పాటించవలసినవి ఇవి: కోతల్లో మారవద్దు. ఒక గోదాముతో మొదలుపెట్టి ఒక పంట కాలం రెండు పుస్తకాలూ నడపండి. కొనే ముందు బేరంలో గుమాస్తానూ, కాటా మనిషినీ కూర్చోబెట్టండి. రైతు చేతికి తెలుగులో రశీదు ఇవ్వండి. నెలకొకసారి మొత్తం లెక్కల మూట దించి మన దగ్గర పెట్టుకోండి.

మన అధ్యాపకులకు కూడా ఒక విన్నపం. ఏటా ఫైనలియరు ప్రాజెక్టుల పేరిట లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్టల్ మేనేజ్‌మెంట్ అంటూ సీనియర్ల రికార్డులే మళ్లీ మళ్లీ రాస్తున్నాం. చుట్టుపక్కల ఎన్ని మిల్లులు, ఎన్ని పాలకేంద్రాలు, ఎన్ని రొయ్యల ప్లాంట్లున్నాయి! ఓపెన్ సోర్స్‌ను సాకే మనిషి లేడంటున్నాం గదా, ఆ మనిషి మనమెందుకు కాకూడదు? విద్యార్థి సంఘం పూనుకొని, శాఖవారు అనుమతిస్తే, వచ్చే ఏడాది పదిమందిమైనా పది చోట్లకు వెళ్లగలం.

చివరి మాట. ఆ వేసవిలో మూడు వందల పైచిలుకు పేర్లు సరిచూశాం, గుమాస్తా గారు చెబుతుంటే నేను కొట్టాను. "నీ కంప్యూటర్‌లో ఈ గుర్తులకు చోటు లేదుగదమ్మా" అన్నారాయన. సాఫ్టువేరు వారికి ఫోన్ చేస్తే మొదట "అలాంటి గడి లేదండీ" అన్నారు. వెతికితే కొత్త గడి చేర్చుకొనే వీలు దానిలోనే ఉంది, ఖర్చు లేకుండా. 'గుర్తు' అని పేరు పెట్టి చేర్చాం. ఇప్పుడు మా నాన్న పేరు పక్కన 'కాలవగట్టు' అని ఉంటుంది. ఈసారి సార్వా డబ్బు తొమ్మిదో రోజున వచ్చింది.

గుమాస్తా గారి బౌండు పుస్తకం మాత్రం ఇంకా కాటా గదిలో మేకుకు వేలాడుతూనే ఉంది. ఉండనివ్వండి. మబ్బు పట్టింది, వాన కూడా వస్తుందేమో. అంతవరకు ముంతలో నీళ్లు ముంతలోనే ఉండాలి.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థిని